పులికాట్ వెళ్లొచ్చాం, ఫ్లెమింగోలు చుక్కల్లా కనబడ్డాయి. సరస్సు ఎండిపోతోందా?

బెజవాడ_బాటసారి | జనవరి 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పండగ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మొదటిసారి సూళ్లూరుపేట వైపు వెళ్లాం. శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దగ్గర కారు పక్కకు ఆపి దిగితే రెండు వైపులా కనుచూపు మేర నీళ్లే. పక్షులు మాత్రం ఎక్కడో అవతలి అంచున సున్నం చుక్కలు పెట్టినట్టు ఉన్నాయి. ఫోన్‌లో జూమ్ చేసి తీస్తే ఆ చుక్క కాస్తా మసకగా పడింది. మా చిన్నది రెండో తరగతి. "నాన్నా, గులాబీ రంగన్నావు, తెల్లగా ఉన్నాయే, కొంగలేమో" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

తిరిగొచ్చేటప్పుడు టీ తాగిన చోట ఒకాయన "సరస్సు పని అయిపోయింది సార్, ఇంకో పదేళ్లు పోతే బండ్లు తిరుగుతాయి అందులో" అన్నాడు. నిజమేనా? కొల్లేరులాగే ఇక్కడా చేపల చెరువులు తవ్వి పాడుచేశారా? మాకు కొల్లేరు దగ్గర కాబట్టి దాని సంగతి కొంచెం తెలుసు. పులికాట్ గురించి మాత్రం స్కూల్లో చదివిన "ఉప్పునీటి సరస్సు" అన్న ముక్క తప్ప ఇంకేమీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సూళ్లూరు_కుర్రోడు | జనవరి 18, రాత్రి 9:40

అన్నా, పదకొండు దాటాక వెళ్లుంటారు, అవునా? ఎండెక్కితే నీటి మీద గాలి వణుకుతుంది, ఏ కెమెరా అయినా మసకే. ఇక్కడికి రావాలంటే తెల్లారేసరికి రోడ్డు మీద ఉండాలి.

ఇంకో సంగతి. ఈసారి నవంబరు, డిసెంబరుల్లో వానలు గట్టిగా పడ్డాయి. మీరు ఆగిన చోట ఇప్పుడు నీళ్లు నడుం దాటి ఉంటాయి. ఫ్లెమింగో నిలబడి, తల వంచి, అడుగు బురదలో తినే పక్షి. లోతు నీళ్లలో దానికి తిండి అందదు. అందుకే నీళ్లు పల్చగా ఉన్న అంచులకు పోతుంది, ఆ అంచులు రోడ్డుకు దూరం. ఫిబ్రవరి వచ్చేసరికి నీళ్లు లాగుతాయి, అవి రోడ్డు దగ్గరికి జరుగుతాయి. మీరు తొందరపడి వచ్చారు, అంతే.

బండ్లు తిరుగుతాయన్నాడే ఆయన, దానికి పదేళ్లు ఆగక్కర్లేదు. మే నెలలో రండి, ఉత్తరం వైపు పర్ర మీద, అంటే నీళ్లు లాగాక తేలే ఉప్పు బురద నేల మీద, మోటార్‌సైకిళ్లు ఇప్పటికే తిరుగుతున్నాయి.

బెజవాడ_బాటసారి | జనవరి 18, రాత్రి 9:51

పదకొండున్నరకే వెళ్లాం తమ్ముడూ, దొరికిపోయాను. కానీ మే నెలలో బండ్లు తిరిగితే ఎండిపోయినట్టే కదా? నువ్వు ధైర్యం చెబుతున్నావో భయపెడుతున్నావో అర్థం కాలేదు.

నీటికాకి | జనవరి 18, రాత్రి 10:25

పాప ప్రశ్నకు ముందు జవాబు. పాప చూసింది తప్పు కాదు. పెద్ద ఫ్లెమింగో ఒళ్లంతా దాదాపు తెలుపే, లేత గులాబీ ఛాయ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. అసలు రంగు రెక్క లోపల దాక్కుని ఉంటుంది. ఎగిరినప్పుడు కుంకుమ ఎరుపు, దాని అంచున నలుపు కనబడతాయి. నిలబడ్డ గుంపు సున్నం చుక్కలు, అదే గుంపు లేచిందంటే ఒక్కసారిగా మంటలా ఉంటుంది.

ఆ రంగు పుట్టుకతో వచ్చేది కాదు. పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగు. నీటిలోని నాచులో, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల్లో కెరొటినాయిడ్లు ఉంటాయి, క్యారెట్‌కు రంగిచ్చే జాతి పదార్థాలే. తింటూ పోతే రెండు మూడేళ్లకు ఈకల్లో ఆ రంగు దిగుతుంది. మీ గుంపులో బూడిద రంగువి ఎక్కువుంటే అవి పిల్లకాయలు అనుకోండి.

తినే తీరు చూస్తే పిల్లలకు భలే నవ్వొస్తుంది. తల కిందులుగా పెట్టి, పై ముక్కు కింద, కింది ముక్కు పైన ఉండేలా నీళ్లలో ముంచుతుంది. నాలుకను పంపులా ఆడించి నీళ్లు లాగి, ముక్కు అంచుల్లోని జల్లెడ గుండా బయటికి తోస్తుంది. మిగిలింది మింగుతుంది. కొన్నిసార్లు ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కుతుంది, అడుగున ఉన్నవి పైకి లేవాలని. నీళ్లు లాగాక ఆ బురదలో గారెల్లా గుండ్రటి గుర్తులు మిగిలిపోతాయి. మధ్యలో చిన్న దిబ్బ, చుట్టూ గాడి. మార్చిలో రోడ్డు మీంచే చూడొచ్చు.

భూగోళం_మాస్టారు | జనవరి 19, ఉదయం 6:05

బాటసారి గారూ, మీ ప్రశ్నలో కొల్లేరునూ పులికాట్‌నూ ఒక గాట కట్టారు. నలభై ఏళ్లు బళ్లో చెప్పినవాణ్ణి కాబట్టి అక్కడే ఆగుతాను.

కొల్లేరు మంచినీటి సరస్సు. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ ఒండ్రు తెచ్చి పోస్తుంటే మధ్యలో మిగిలిన పల్లం అది. పులికాట్ అలా పుట్టలేదు. అది లాగూన్, అంటే సముద్రంలోని ఒక ముక్కను ఇసుక కట్ట అడ్డంపడి వేరుచేసింది. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా కాస్త పైన ఉండేది. అది దిగుతూ వచ్చే కాలంలో అలలు ఒడ్డు వెంబడి ఇసుకను నెట్టి దిబ్బలు కట్టాయి. ఆ కట్టే శ్రీహరికోట. మీరు రాకెట్ల కోసం తలెత్తి చూసే దీవి అసలు పని సరస్సుకు గోడగా నిలబడటం.

ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు. వెడల్పు చోటును బట్టి మారుతుంది, ఎక్కువ ఉన్న చోట 17 కిలోమీటర్ల పైన. ఇంత పెద్ద నీటికి సగటు లోతు ఎంతనుకున్నారు? ఒక మీటరు. మా చిన్న మనవడు నిలబడితే తల పైకే ఉంటుంది. అందుకే పోటు మీదున్నప్పుడు 450 చదరపు కిలోమీటర్లు, ఆటులో 250 అని చెబుతారు. పళ్లెంలో నీళ్లు పోసి వంచి చూడండి, అదే పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి లాగూన్. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో. అక్కడి పళవేర్కాడు అనే ఊరి పేరే ఇంగ్లిషువాళ్ల నోట్లో పులికాట్ అయింది. మనవాళ్ల పాత పేరు ప్రళయకావేరి.

వేసవిలో ఉత్తరపు పర్ర ఎండటం కొత్త కాదు, పళ్లెం అంచు ముందు ఎండుతుంది. ఎంత త్వరగా ఎండుతోంది, మళ్లీ ఎంత నిండుతోంది అన్నదే చూసుకోవాలి. దానికి జవాబు సముద్రపు నీళ్లు లోపలికొచ్చే ముఖద్వారాల దగ్గర ఉంది. అది నాకన్నా ఒడ్డు మీద పుట్టినవాళ్లు బాగా చెబుతారు.

దొరువునీళ్లు | జనవరి 19, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, నన్ను పిలిచినట్టే ఉంది. మాది వాకాడు మండలం, సముద్రం పక్క పాళెం. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. నాయన ఇంకా వేటకు పోతాడు.

మా వైపు ముఖద్వారం పేరు రాయదొరువు. తెలియనివాళ్లకు దొరువంటే ఏంటో చెప్తా. ఇసుకలో రెండు మూడు మూరలు తవ్వితే ఊరే మంచినీటి గుంట. చుట్టూ ఉప్పే, మధ్యలో తియ్యటి నీళ్లు. వాన నీళ్లు ఇసుకలో దిగి ఉప్పునీటి కన్నా తేలికగా ఉండడం వల్ల దాని మీద తేలుతాయంట. మా జేజికి ఆ లెక్కలేవీ తెలీవు, కానీ "మరీ లోతు తవ్వొద్దురా, ఉప్పు తగులుద్ది" అనేది. రెండూ ఒకటే మాట.

నా చిన్నప్పుడు రాయదొరువు దగ్గర పోటొస్తే నీళ్లు లోపలికి దూకే చప్పుడు ఇంట్లోకి వినబడేది. పడవ దాటించాలంటే నాయన పోటు కోసం కూర్చునేవాడు. తర్వాత్తర్వాత ఇసుక మేట వేసింది. వానలకు తెరుచుకుంటుంది, ఎండలకు పూడుతుంది. ఒక్కో ఏడు అసలు తెరుచుకోదు. దుగరాజపట్నం వైపు కూడా ఇదే కథ. బాగా నిలిచేది తమిళనాడు వైపు పళవేర్కాడు ముఖద్వారం ఒక్కటే. అదీ అప్పుడప్పుడూ పూడుతుంది.

ముఖద్వారం పూడితే ఏమవుద్దో మీకు పక్షుల్లో తెలుస్తుంది, మాకు వలలో తెలుస్తుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు వెంట్రుకంత ఉన్నప్పుడు పోటు నీళ్లతో సరస్సులోకి వస్తాయి. ఇక్కడ తిని పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. మండపీత ఆడది గుడ్లు వదలడానికి సముద్రానికి పోవాల్సిందే. పండుగప్ప కూడా అంతే. తలుపు మూసేస్తే లోపలున్నవి లోపలే, బయటివి బయటే. రెండేళ్లు అలా ఉంటే వలలో చెత్త తప్ప ఏం పడదు.

మండపీత_మామ | జనవరి 19, మధ్యాహ్నం 2:10

పండుగప్ప మాట వచ్చింది కాబట్టి ఒక వింత. అది మొదట మగదిగా పెరిగి, బాగా పెద్దదయ్యాక ఆడదవుతుంది. పెద్ద చేపలన్నీ పట్టేస్తే గుడ్లు పెట్టేవే మిగలవు. చిన్నవి వదలాలన్న రూలు అందరికీ తెలుసు, పెద్దవీ కొన్ని వదలాలని మా బజారులో చెబితే కొడతారు.

షార్_దారి | జనవరి 19, సాయంత్రం 5:45

అన్నీ ముఖద్వారాల మీదే తోస్తున్నారు. మీరు కారాపిన రోడ్డు సంగతి ఎవరూ ఎత్తరే? సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దాకా సరస్సును అడ్డంగా చీల్చి కట్ట పోసి రోడ్డు వేశారు. తూములున్నాయి, కానీ వాటి గుండా నీరు ఎంత పారుతుంది? ఉత్తరం భాగం ఒక సరస్సు, దక్షిణం భాగం ఇంకో సరస్సు అయిపోయాయి. ఉత్తరం ముందు ఎండడానికి అదీ కారణం.

పాత_ఉద్యోగి | జనవరి 19, సాయంత్రం 6:20

నేను ఆ రోడ్డు మీదే ముప్పై ఏళ్లు డ్యూటీకి వెళ్లాను. రోడ్డు లేకపోతే రాకెట్ కేంద్రమే లేదు. 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. తూర్పున సముద్రం, కింద జనం లేని దారి, భూమి తిరిగే దిక్కు కలిసి రావడం, ఇవన్నీ ఉన్న చోటు ఇంకెక్కడ దొరికేది? 1971 అక్టోబరులో మొదటి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరీక్షించే చిన్న రాకెట్, ఎగిరింది. దీవిలోకి బయటివాళ్లను రానివ్వకపోవడం వల్ల అక్కడి అడవి మిగిలింది. ఆకురాల్చని పొడి అడవి అది, ఈ తీరంలో అలాంటివి కొద్ది చోట్లే ఉన్నాయి. అవతల సముద్రపు ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టిపోతాయి. రోడ్డును ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

షార్_దారి | జనవరి 19, సాయంత్రం 6:41

రోడ్డు తీసెయ్యమని ఎవరన్నారు సార్? తూములకు బదులు వంతెన ముక్కలు వేసి నీళ్లు కలవనివ్వమంటున్నాను. అడవి మిగిలిందన్నారు, సంతోషం. ఆ అడవిలో ఉన్న యానాదుల కుటుంబాలు బయటికి రావాల్సి వచ్చింది. అది కూడా ఆ లెక్కలో రాయండి.

పాత_ఉద్యోగి | జనవరి 19, రాత్రి 7:15

రాశాను. అది కాదనను. వంతెనల విషయంలో మీతో గొడవ లేదు.

దొరువునీళ్లు | జనవరి 19, రాత్రి 8:02

యానాదుల మాట వచ్చింది గనక. వాళ్ల ఆడవాళ్లు రొయ్యలు పట్టడం ఒకసారి చూడాలి. వల లేదు, పడవ లేదు. నడుం లోతు నీళ్లలో కూర్చున్నట్టు వంగి, రెండు చేతులూ బురదలో దువ్వుకుంటూ పోతారు. తాటాకు బుట్ట దారాన్ని పళ్ల మధ్య కరిచిపెట్టి ఉంటారు, చేతులు ఖాళీగా ఉండాలి కదా. వేలికి రొయ్య తగిలితే చూడకుండానే బుట్టలోకి పోతుంది. గంటల తరబడి అలాగే. అడుగు ఎక్కడ మెత్తన, ఎక్కడ గుల్లలు, ఎక్కడ గడ్డి అన్నది వాళ్ల వేళ్లకు తెలిసినట్టు మా పడవలోళ్లకు తెలీదు.

భూగోళం_మాస్టారు | జనవరి 20, ఉదయం 5:50

ఆ గడ్డి మాట వదలొద్దు. అది నాచు కాదు, పూలు పూసే మొక్క, సముద్రపు గడ్డి. నీళ్లు స్వచ్ఛంగా ఉండి వెలుగు అడుగుకు తగిలితేనే బతుకుతుంది. రొయ్య పిల్లలు, పీత పిల్లలు దాక్కునేది దానిలోనే. నీళ్లు మురికైతే ముందు పోయేది ఆ గడ్డే.

ఇక ముఖద్వారం ఎందుకు పూడుతుందో చెబుతాను, కుర్రవాళ్లు "తవ్వితే పోలా" అంటారని ముందే. మన తూర్పు తీరంలో నైరుతి కాలమంతా గాలి, అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. ఈశాన్య కాలంలో కొన్ని నెలలు వెనక్కి, అంటే దక్షిణానికి. లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో ఏ నోరు తెరుచుకుని ఉన్నా ఆ ఇసుక అక్కడ వాలిపోతుంది. దాన్ని ఊడ్చేది రెండే: పోటూ ఆటూ, లోపలి నుంచి వచ్చే వరద. మన దగ్గర పోటు మహా అయితే మీటరు చిల్లర, గుజరాత్ తీరంలోలా కాదు. దానికి అంత బలం లేదు. మిగిలింది వరద. సూళ్లూరుపేట పక్కనుంచి కాళంగి, దక్షిణాన ఆరణియార్ వచ్చి సరస్సులో కలుస్తాయి. ఆరణియార్‌కు పిచ్చాటూరు దగ్గర రిజర్వాయర్ ఉంది, దారి పొడవునా చెరువులున్నాయి. అవన్నీ నిండి పొంగితే తప్ప సరస్సు దాకా ఊపు రాదు. పొంగిన ఏడు ముఖద్వారం దానంతట అదే తెగుతుంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. సముద్రం లీటరు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. డిసెంబరులో కాళంగి కలిసే చోట నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు తెలియదు. అదే మే నెలలో సముద్రాన్ని మించి 50 దాకా పోతుంది. ఒకే ఏడాదిలో ఆ కొస నుంచి ఈ కొసకు. అది తట్టుకున్న ప్రాణే ఇక్కడ నిలుస్తుంది.

చిలికా_చూసొచ్చా | జనవరి 20, ఉదయం 9:30

మాస్టారు గారూ, తవ్వితే పోలా అనే కుర్రవాణ్ణి నేనే. చిలికాలో అదే చేశారు కదా! 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు మళ్లీ సమతూకానికి వచ్చింది, చేపల దిగుబడి పెరిగింది, నీళ్లను కమ్మేసిన కలుపు తగ్గింది. ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల (ప్రపంచ స్థాయి గుర్తింపున్న చిత్తడి నేలల) జాబితాలో ఉన్న చిలికాను 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. మనం ఎందుకు చెయ్యకూడదు?

భూగోళం_మాస్టారు | జనవరి 20, ఉదయం 10:10

చెయ్యకూడదని కాదు నాయనా. చిలికాలోకి మహానది పాయలు వస్తాయి, ఆ వరద బలం వేరు. మనది కాళంగి. ఒకసారి తవ్వి రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగితే రెండేళ్లలో మళ్లీ ఇసుకే. ఏటా తవ్వడానికి డబ్బు, యంత్రం, బాధ్యత ఉంటేనే మొదలుపెట్టాలి. సముద్రంలోకి రాతి కట్టలు కడితే ఇసుక ఆగుతుంది నిజమే, కానీ దక్షిణాన మేట పెరిగి ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఆ ఉత్తరాన ఉన్న పాళెం ఎవరిది? మన దొరువునీళ్లు వాళ్లది కావచ్చు.

దొరువునీళ్లు | జనవరి 20, ఉదయం 10:34

మాస్టారు చెప్పింది నిజం. అయినా తవ్వమనే మేమంతా అడుగుతాం. పూడిపోయి ఉన్నప్పుడు మా వాళ్లు దక్షిణం వైపు పోవాలి. అక్కడ తమిళనాడు వాళ్లతో గొడవ. నీళ్ల మీద గీత ఎక్కడ గీస్తాం? ఒకసారి నాయన వల కోసేశారు. వాళ్ల తప్పని కూడా అనలేను, వాళ్ల చేపా తగ్గింది.

పాత_పటాలు | జనవరి 20, మధ్యాహ్నం 12:15

ఈ ముఖద్వారాల కోసమే ఒకప్పుడు ఓడలు వచ్చేవి. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లిషువాళ్లు 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు, వాళ్ల పటాల్లో ఆర్మగాన్ అని ఉంటుంది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డేనే 1639లో దక్షిణానికి వెళ్లి మద్రాసు స్థలం సంపాదించాడు. రాష్ట్ర విభజన చట్టంలో, 2014లో, అదే దుగరాజపట్నానికి పెద్ద ఓడరేవు అని రాశారు. అది కాగితం మీదే ఉండిపోయింది.

బెజవాడ_బాటసారి | జనవరి 20, రాత్రి 9:05

అమ్మో, ఒక ఫ్లెమింగో అడిగితే సముద్రాన్నే తెచ్చారు. అందరికీ థాంక్స్. ఒక అనుమానం. నీళ్లు తగ్గితే ఫ్లెమింగోలకు మంచిది, నీళ్లు వస్తే చేపలకు మంచిది అన్నట్టుంది. మరి ముఖద్వారం తెరిస్తే పక్షులు పోతాయా?

నీటికాకి | జనవరి 20, రాత్రి 10:40

మంచి ప్రశ్న. చాలామంది పక్షి ప్రేమికులు కూడా ఇక్కడే తడబడతారు. ఫ్లెమింగోకు కావల్సింది పల్చటి నీళ్లు, ఎండిన నేల కాదు. ఎండితే నాచూ చస్తుంది, పురుగూ చస్తుంది. నెమ్మదిగా తగ్గే నీళ్లు కావాలి. డిసెంబరులో అంచులు, ఫిబ్రవరిలో మధ్య, ఏప్రిల్‌లో ఇంకా లోపలికి, ఇలా నెలనెలా కొత్త బురద తేలుతూ ఉంటే దానికి పండగ. నీళ్లు ఫిబ్రవరికే మాయమైతే అది కూడా ఫిబ్రవరికే మాయమవుతుంది.

పైగా పులికాట్ అంటే ఫ్లెమింగో ఒక్కటే కాదు. సూదితోక బాతులు ఉత్తర ఆసియా నుంచి వేలమైళ్లు ఎగిరి వస్తాయి, వాటికి కాస్త లోతు కావాలి. ఉల్లంకి జాతి పిట్టలకు తడి బురద చాలు. గూడబాతుకు, అదే పెలికాన్‌కు, చేప కావాలి. ఒక్కో ముక్కుకు ఒక్కో లోతు. అన్ని లోతులూ ఒకేసారి ఉండే చోటు కాబట్టే అన్నీ వస్తాయి.

బాటసారి గారూ, మీరు ఈసారి వస్తే నేలపట్టు వదలకండి. దొరవారిసత్రం దగ్గర, హైవేకి పక్కనే. 1976లో అభయారణ్యం అయింది, పులికాట్ కూడా ఆ ఏడాదే. నేలపట్టులో పక్షుల కోసం కళ్లు చికిలించక్కర్లేదు. చెరువులో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఆ చెట్టు నెలల తరబడి నీళ్లలో మునిగినా చావదు. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడ దాకా దూర్చి చేప లాక్కుంటుంటే, తల్లిని మింగేస్తోందా అన్నట్టు ఉంటుంది. నత్తగుల్ల కొంగలు కూడా చూడండి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టడానికి.

నేలపట్టులో పిల్లల్ని పెట్టిన గూడబాతు చేపకు పులికాట్ దాకా ఎగిరి వెళుతుంది. సరస్సు పాడైతే ఆ చెట్లు ఎంత బాగున్నా గూళ్లు ఖాళీ.

డ్రోన్_రాజా | జనవరి 21, ఉదయం 8:15

బ్రో, ఫ్లెమింగోలు దూరంగా ఉంటే డ్రోన్ ఎగరేస్తే సరిపోతుంది కదా. పైనుంచి షాట్ అదిరిపోతుంది. ఏ వైపు అయితే సేఫ్?

నీటికాకి | జనవరి 21, ఉదయం 8:22

ఏ వైపూ కాదు. అభయారణ్యం, పక్కనే రాకెట్ కేంద్రం. పట్టుకుంటే డ్రోన్‌తో పాటు నువ్వూ లోపలే. అది పక్కన పెట్టు. గుంపు ఒకసారి బెదిరి లేస్తే పొద్దున్నుంచి తిన్నదంతా ఆ ఎగరడానికే ఖర్చు. నీ అదిరిపోయే షాట్‌కు వాటి టిఫిన్ పోతుంది.

నిర్వాహకుడు | జనవరి 21, ఉదయం 9:00

డ్రోన్ చర్చ ఇక్కడితో ఆపుదాం. గూళ్లున్న చోట్ల లొకేషన్లు కూడా ఎవరూ పెట్టకండి. నిన్న ఒక పోస్టు తీసేశాను.

సూళ్లూరు_కుర్రోడు | ఫిబ్రవరి 14, ఉదయం 7:10

బాటసారి అన్నా, నీళ్లు లాగాయి. రోడ్డుకు రెండు వందల గజాల్లో ఉన్నాయి. ఈ వారం రండి.

బెజవాడ_బాటసారి | ఫిబ్రవరి 23, రాత్రి 8:30

వెళ్లొచ్చాం! శనివారం రాత్రి సూళ్లూరుపేటలో దిగి, ఆదివారం ఆరింటికల్లా రోడ్డు మీద ఉన్నాం. మంచు ఉంది, ముందు ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. బాతుల గోలలా, దానికన్నా బొంగురుగా. మంచు లేచేసరికి ఎదురుగా వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ తలలు ముంచి ఒక్క దిక్కుకే నడుస్తున్నాయి, నాట్లేసే కూలీల్లా. మా చిన్నది లెక్కపెట్టడం మొదలెట్టి రెండొందల పదిహేడు దగ్గర తప్పిపోయి ఏడుపు మొహం పెట్టింది. మళ్లీ మొదలెట్టింది.

ఇసుక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. గుంపు లేచింది. నీటికాకి గారూ, మీరు చెప్పిన మంట చూశాం. అంతసేపూ ఫోన్ నా జేబులోనే ఉంది, తీయడం మర్చిపోయాను. గారెల గుర్తులు కూడా దొరికాయి, రోడ్డుకు కింద ఎండిన అంచున ఐదారు.

నేలపట్టు కూడా చూశాం. అక్కడి వాసన గురించి మీరెవరూ ముందు చెప్పలేదే!

ఒక్క ప్రశ్న, చిన్నది అడగమంది. ఫ్లెమింగో మోకాలు వెనక్కి వంగుతుందేంటి, మనకు ముందుకు కదా అని.

నీటికాకి | ఫిబ్రవరి 23, రాత్రి 9:02

వాసన చెబితే రారని చెప్పలేదు. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువు, ఆ రైతుల్నడిగితే అత్తరంటారు.

అది మోకాలు కాదని పాపకు చెప్పండి. అది మడమ. ఫ్లెమింగో మునివేళ్ల మీద నిలబడుతుంది. అసలు మోకాలు పైన, ఒంటికి ఆనుకుని ఈకల్లో ఉంటుంది, అది మనలాగే ముందుకే వంగుతుంది.

బెజవాడ_బాటసారి | ఫిబ్రవరి 23, రాత్రి 9:20

చెప్పాను. నమ్మలేదు. పెరట్లో కోడిని పట్టుకొచ్చి కాలు వంచి చూస్తోంది. వాళ్లమ్మ నన్ను తిడుతోంది, మళ్లీ వస్తా.